మాంటెరీ బ్రేక్‌వాటర్‌లో మొదటి చలినీళ్ల డైవ్: అండమాన్ అలవాటుతో దిగొచ్చా?

గోదారి_పిల్ల · సెప్టెంబర్ 14, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి, ఇప్పుడు కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉంటున్నాను. రెండేళ్ల క్రితం అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో స్కూబా డైవింగ్‌కి మొదటి మెట్టు అయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ తీసుకున్నాను. ఇప్పటికి మొత్తం 11 డైవ్‌లు. అన్నీ పడవ మీద నుంచే, 29 డిగ్రీల నీళ్లలో, పొట్టి చేతుల సూట్‌తో. సిలిండర్ కూడా పడవవాళ్లే వీపుకి తగిలించేవారు. వెనక్కి పడటం ఒక్కటే నా పని.

పోయిన నెల మాంటెరీ బే అక్వేరియంకి వెళ్లాం. అక్కడి కెల్ప్ (సముద్రంలో అడవిలా పెరిగే పొడవాటి నాచు) ట్యాంక్ 28 అడుగుల ఎత్తు. దాని ముందు గంట సేపు నిలబడిపోయాను, మా ఆయన రెండుసార్లు కాఫీ తాగొచ్చారు. అద్దానికి అవతల ఉండాల్సింది నేను కదా అనిపించింది. అప్పటి నుంచి అదే పిచ్చి.

మాంటెరీలో బ్రేక్‌వాటర్ (అలల్ని ఆపే రాళ్ల గోడ) దగ్గర ఒడ్డు నుంచే నడుచుకుంటూ దిగొచ్చంటున్నారు. 7 మిల్లీమీటర్ల మందం వెట్‌సూట్ (లోపలికి నీళ్లొచ్చే రబ్బరు సూట్) సరిపోతుందా? కెల్ప్‌లో చిక్కుకుంటే ఏం చేయాలి? ఎవరైనా వివరంగా చెప్పండి. మా అమ్మకి చెప్తే "గోదాట్లో మునిగింది చాలక అంత దూరం పోయి మునగాలా" అంది.

గట్టుమీద_కూర్చున్నవాడు · సెప్టెంబర్ 14, రాత్రి 11:02

అమ్మగారి మాటే నా మాట. సొరచేపలు ఉంటాయి కదండీ అక్కడ?

చలిపులి · సెప్టెంబర్ 15, ఉదయం 6:15

స్వాగతం అమ్మా. తొమ్మిదేళ్లుగా నా శనివారాలన్నీ అక్కడే, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

ముందు ఒకటి మనసులో పెట్టుకో. బ్రేక్‌వాటర్‌లో కష్టం నీళ్ల కింద కాదు, కారుకీ నడుము లోతుకీ మధ్య. నిండు సిలిండర్, తడిసిన సూట్, సీసం బరువులు అన్నీ కలిపితే 30 కిలోలు దాటుతుంది. పాతిక కిలోల బియ్యం బస్తా వీపున వేసుకుని, నడుముకి ఇంకో పది కిలోలు కట్టుకుని, మెట్లు దిగి, ఇసుకలో నడిచి, కెరటాల్లో నిలబడి కాళ్లకి ఫిన్స్ (ఈదడానికి వాడే రబ్బరు రెక్కలు) తొడుక్కోవాలి. అండమాన్‌లో పడవ అబ్బాయి చేసిన పనంతా ఇక్కడ నువ్వే చేసుకోవాలి. నీళ్లలోకి వెళ్లేసరికే ఆయాసపడుతూ ఉంటావు. ఆ ఆయాసంతోనే కిందికి దిగిపోవద్దు. నీటి మీద వెల్లకిలా తేలుతూ రెండు నిమిషాలు ఊపిరి కుదుటపడనివ్వు.

ఇక చలి. నీళ్లు 50 నుంచి 58 ఫారెన్‌హీట్ మధ్య, అంటే 10 నుంచి 14 సెల్సియస్. 7 మిల్లీమీటర్ల సూట్, తలకి హుడ్, చేతులకి గ్లోవ్స్, కాళ్లకి బూట్లు, అన్నీ ఉండాల్సిందే. ఎన్ని ఉన్నా ముఖం మీద రెండంగుళాల చోటు బయటే ఉంటుంది. మొదటిసారి నీళ్లలో తల పెట్టగానే ఐస్‌క్రీమ్ గబగబా తింటే నుదురు లాగినట్టు లాగుతుంది. ఒక నిమిషానికి అదే పోతుంది. నేను ఫ్లాస్క్‌లో గోరువెచ్చని నీళ్లు తీసుకెళ్లి, దిగేముందు గ్లోవ్స్‌లోనూ మెడ దగ్గరా పోసుకుంటాను. ఆ పది నిమిషాల సుఖం కోసం ఇంటి నుంచి మోయడం దండగే అంటుంది మా ఆవిడ.

బరువులు అండమాన్ లెక్కన పెట్టుకోవద్దు. మందపాటి సూట్ బెండులా తేలుస్తుంది. అక్కడ 4 కిలోలు పెట్టుకున్నదానివి ఇక్కడ 10 దాటొచ్చు. పైగా లోతుకి వెళ్లేకొద్దీ సూట్ నొక్కుకుపోయి ఆ తేలే గుణం తగ్గుతుంది, పైకి వస్తుంటే మళ్లీ పెరుగుతుంది. తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లో గాలి చూసుకుంటూ ఉండాలి.

దారి తప్పే భయం అక్కర్లేదు. బయటికి వెళ్లేటప్పుడు రాళ్ల గోడ కుడిచేతి పక్కన, తిరిగొచ్చేటప్పుడు ఎడమచేతి పక్కన. మొదటిసారికి అంతే చాలు.

@గట్టుమీద_కూర్చున్నవాడు: ఉంటాయి. 2022 జూన్‌లో దగ్గర్లోని లవర్స్ పాయింట్ వద్ద ఒక ఈతగాడిని తెల్ల సొర కరిచింది, ప్రాణాలతో బయటపడ్డాడు. అలాంటివి చాలా అరుదు. నేనైతే సొరకన్నా ఆ మెట్ల మీది పాకుడుకే ఎక్కువ భయపడతాను.

డ్రైసూట్_బాబాయ్ · సెప్టెంబర్ 15, ఉదయం 8:30

ఈ వెట్‌సూట్ ప్రచారం ఆపండి. ఒక డైవ్ బాగానే ఉంటుంది. రెండో డైవ్‌కి ఆ చల్లటి తడి సూట్‌ని మళ్లీ ఒంటి మీదికి లాక్కున్నప్పుడు తెలుస్తుంది. డ్రైసూట్‌లో లోపల స్వెట్టర్ వేసుకుని, పొడిగా దిగి, పొడిగా వస్తాను. నా వయసు 54. ఎముకలు కొరికే చలి ఎలా ఉంటుందో మీ పిల్లలకి ఇంకా తెలీదు.

చలిపులి · సెప్టెంబర్ 15, ఉదయం 8:41

బాబాయ్, డ్రైసూట్ ఖరీదు కూడా చెప్పు. 11 డైవ్‌ల అమ్మాయికి అదొక కొత్త విద్య. సూట్‌లోని గాలి కాళ్లలోకి చేరితే తలకిందులై బూరలా పైకి తేలిపోయేవాళ్లని చూశాను నేను.

డ్రైసూట్_బాబాయ్ · సెప్టెంబర్ 15, ఉదయం 8:44

ఆ చూసింది నన్నే అని కూడా చెప్పు.

ఎయిర్_అయిపోయింది · సెప్టెంబర్ 15, మధ్యాహ్నం 1:20

అక్కా, కెల్ప్‌లో చిక్కుకోవడం గురించి అడిగావు కదా, అందులో నేను పీహెచ్‌డీ. నా నాలుగో డైవ్, పోయిన ఏడాది. ఒడ్డుకి తిరిగొస్తున్నాం, లోతు 15 అడుగులు. ఎవరో వెనక నుంచి సిలిండర్ పట్టుకుని ఆపినట్టు అనిపించింది. నా పార్ట్‌నర్ అనుకుని వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. మళ్లీ ఇటు తిరిగాను. అలా రెండు చుట్లు తిరిగేసరికి సిలిండర్ తలకి పట్టుకున్న కెల్ప్ తాడు కాస్తా మెడ చుట్టూ, చేతి చుట్టూ వచ్చింది. చీర కుచ్చిళ్లు సరిచేసుకుంటూ గుండ్రంగా తిరిగినట్టు నన్ను నేనే చుట్టుకున్నాను. టెన్షన్‌తో ఊపిరి ఎగబీల్చడం మొదలైంది, మిగిలిన గాలి చూపే గేజ్‌లో ముల్లు కళ్ల ముందే దిగుతోంది. ఇంతలో మా వాడు వచ్చి, నా భుజం గట్టిగా పట్టుకుని, ఒక్కొక్క కాడ తీసుకుని టక్ టక్‌మని విరిచేశాడు. పట్టుమని పది సెకన్లు పట్టలేదు. కత్తి తీయనే లేదు.

బయటికొచ్చాక వాడన్న మాట ఒకటే: "తిరక్కు. ఆగు. వెనక్కి రా." అంటే ఎటు నుంచి వచ్చావో అటే రెండడుగులు వెనక్కి జరిగితే చాలాసార్లు దానంతటదే ఊడిపోతుంది.

చలిపులి · సెప్టెంబర్ 15, మధ్యాహ్నం 1:52

బాగా చెప్పావు. ఆ విరవడంలో కిటుకు ఉంది. కెల్ప్ కాడని లాగితే రబ్బరులా సాగుతుందే తప్ప తెగదు. వంచితే మాత్రం విరుగుతుంది. బజార్లో బెండకాయ లేతదో ముదురుదో చూడటానికి కొస విరుస్తామే, అచ్చం అలాగే. దిగేముందు ఫిన్ పట్టీల కొసలు, గేజ్ గొట్టం, వేలాడే లైట్, అన్నీ లోపలికి దోపేసుకుంటే సగం చిక్కులు రానే రావు.

ఇంకోటి, తిరిగొచ్చేందుకు గాలి మిగుల్చుకో. కెల్ప్ నీటి మీద చాపలా పరుచుకుని ఉంటుంది, దాని కింద కాడల మధ్య ఖాళీ ఎక్కువ. గాలి ఉంటే కింద నుంచి హాయిగా రావొచ్చు. లేకపోతే ఆ చాప మీద మోచేతులతో పాకుతూ రావాలి. సిలిండర్‌లో 3000 పీఎస్ఐ గాలి ఒత్తిడితో దిగితే 1500 దగ్గర వెనక్కి తిరగడం నా లెక్క. చలికి ఊపిరి ఎక్కువ పడుతుంది, కాబట్టి అండమాన్‌లో 50 నిమిషాలు వచ్చిన సిలిండర్ ఇక్కడ 35 వస్తే గొప్ప.

వాల్తేరు_వాసి · సెప్టెంబర్ 16, ఉదయం 7:05

విశాఖ నుంచి. మేం రుషికొండ వైపు డైవ్ చేస్తాం, నీళ్లు వెచ్చగా ఉంటాయి గానీ చాలా రోజులు మసకే. ఒక డౌటు. అంత చలి నీళ్లలో అన్ని జీవాలు ఎలా ఉంటాయి? వెచ్చగా ఉన్నచోటే కదా పగడాలూ రంగురంగుల చేపలూ?

ఉప్పుటేరు · సెప్టెంబర్ 16, రాత్రి 9:30

మంచి ప్రశ్న. ఆంధ్రా యూనివర్సిటీలో నేను చదివిన సబ్జెక్ట్ ఇదే కాబట్టి దూరిపోతున్నాను.

ఆ చలే కెల్ప్‌కి అన్నం. కాలిఫోర్నియా తీరం వెంబడి వసంతంలోనూ వేసవి మొదట్లోనూ వాయవ్యం నుంచి గట్టి గాలి వీస్తుంది. భూమి తిరగడం వల్ల పైనీళ్లు ఆ గాలికి కుడివైపుకి, అంటే ఒడ్డు నుంచి దూరంగా జరుగుతాయి. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి నీళ్లు లేస్తాయి. ఆ నీళ్లలో నైట్రేట్లు దండిగా ఉంటాయి, పొలానికి ఎరువు పోసినట్టే. జెయింట్ కెల్ప్ అనుకూలమైన రోజుల్లో రోజుకి రెండడుగుల దాకా పెరుగుతుంది. నిజానికి అది మొక్క కాదు, గోధుమ రంగు నాచు. అడుగున వేర్లలా కనిపించేవి వేర్లు కావు, రాయిని పట్టుకునే పట్టు మాత్రమే. తిండి ఆకులతోనే నేరుగా నీళ్లలోంచి తీసుకుంటుంది. ప్రతి ఆకు మొదట్లో ఉసిరికాయంత గాలిబుడగ ఉంటుంది, దాని సాయంతోనే నిటారుగా లేస్తుంది.

విశాఖతోనూ దీనికి చిన్న సంబంధం ఉంది. 1950ల్లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి, అడుగు నీళ్లు పైకి రావడం మన తూర్పు తీరంలో ఎలా జరుగుతుందో పరిశీలించాడు. ఆ కథ మాకు క్లాసులో చెప్పేవారు. మాంటెరీ నీళ్లలో మొదటిసారి చెయ్యి పెట్టి వెనక్కి లాక్కున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ క్లాసే.

గోదారి_పిల్ల గారూ, మీరు సరైన కాలానికే వచ్చారు. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఆ గాలి తగ్గుతుంది, నీళ్లు తేటపడతాయి. ఏప్రిల్, మే నెలల్లో అయితే పచ్చటి పులుసులో దిగినట్టు ఉంటుంది.

ఎయిర్_అయిపోయింది · సెప్టెంబర్ 16, రాత్రి 9:58

అన్నా, ఉత్తరాన మెండొసినో వైపు కెల్ప్ అంతా పోయిందంటారు, నిజమేనా? అర్చిన్‌లు (ముళ్లబంతుల్లాంటి సముద్రజీవులు) తినేశాయట కదా. బ్రేక్‌వాటర్‌లో కూడా అక్కడక్కడా ఊదారంగు ముళ్లబంతులు కనిపిస్తాయి. సుత్తి తీసుకెళ్లి పగలగొడితే పుణ్యమేగా?

ఉప్పుటేరు · సెప్టెంబర్ 16, రాత్రి 11:15

సుత్తి కారులోనే ఉంచు తమ్ముడూ. బ్రేక్‌వాటర్ ఉన్నది ఎడ్వర్డ్ రికెట్స్ అనే సముద్రజీవ శాస్త్రవేత్త పేరు మీదున్న రక్షిత ప్రాంతంలో. అక్కడ అర్చిన్‌లనే కాదు, గుల్లలు, పీతలు, దేన్నీ ముట్టుకోకూడదు. దగ్గర్లోని ట్యాంకర్స్ రీఫ్ అనే చోట మాత్రం 2021 ఏప్రిల్ నుంచి ప్రయోగంగా కొన్నేళ్లు డైవర్లకు అర్చిన్‌లని పగలగొట్టే అనుమతి ఇచ్చారు. ఇలాంటి పని చేసేముందు ఆ రోజుకి ఉన్న రూల్స్ చూసుకోవాలి.

నువ్వన్నది నిజమే. ఉత్తర కాలిఫోర్నియాలో బుల్ కెల్ప్ అనే రకం 90 శాతానికి పైగా పోయింది. 2013లో నక్షత్ర చేపలకి ఒక తెగులు తగిలింది. చేతులు ఊడిపోయి, ఒళ్లు కరిగి, రోజుల్లో జావ అయిపోయేవి. అన్నిటికన్నా దెబ్బతిన్నది సన్‌ఫ్లవర్ స్టార్. ఇరవైకి పైగా చేతులు, మీటరు వెడల్పు, అర్చిన్‌లని వేటాడే రాక్షసి. దాని వెనకే 2014 నుంచి 2016 దాకా సముద్రం మామూలుకన్నా వేడెక్కింది. పైన చెప్పిన చల్లటి ఎరువు తగ్గింది, కెల్ప్ బక్కచిక్కింది, అర్చిన్‌లకి అడ్డు లేకుండా పోయింది. ఆ తెగులుకి కారణం విబ్రియో జాతి బ్యాక్టీరియా అని 2025లో గానీ తేలలేదు. పన్నెండేళ్లు పట్టింది.

మాంటెరీలో కథ కొంచెం వేరు, ఇక్కడ సీ ఆటర్లు ఉన్నాయి. మన కోరింగ మడ అడవుల్లో తిరిగే నీటికుక్కలకి ఇవి సముద్రపు చుట్టాలు. బొచ్చు కోసం వేటాడి వీటిని దాదాపు తుడిచిపెట్టేశారు. 1938లో బిగ్ సర్ దగ్గర ఒక చిన్న గుంపు జనం కంటపడింది. ఇప్పుడున్న సుమారు 3000 వాటి సంతానమే. ఇవి అర్చిన్‌లని తింటాయి. అయితే తెలివైనవి. కెల్ప్ అయిపోయిన బంజరులో ఆకలితో పడున్న అర్చిన్‌లో గుజ్జు ఉండదు, గుల్లే ఉంటుంది. దాన్ని ఆటర్ ముట్టదు. కెల్ప్ ఇంకా మిగిలిన చోట బలిసిన వాటినే ఏరుకుంటుంది. కాబట్టి ఉన్న అడవిని కాపాడతాయి గానీ, పోయిన చోట తిరిగి తెప్పించలేవు. ఆ ఖాళీ అర్చిన్‌లు తిండి లేకపోయినా చావవు, ఏళ్ల తరబడి అలాగే కూర్చుంటాయి.

గట్టుమీద_కూర్చున్నవాడు · సెప్టెంబర్ 17, ఉదయం 7:40

తిండి లేకుండా ఏళ్ల తరబడి కూర్చోవడం... మా ఆఫీసులో మేనేజర్లు గుర్తొచ్చారు. డైవింగ్ రాదు గానీ ఈ థ్రెడ్ వదలట్లేదు నేను.

గోదారి_పిల్ల · సెప్టెంబర్ 27, రాత్రి 8:10

అందరికీ థాంక్స్. ఈ రోజు వెళ్లాం, కానీ దిగలేదు.

పొద్దున్న ఐదున్నరకి బయల్దేరాం. గిల్‌రాయ్ దాటుతుంటే కారు నిండా వెల్లుల్లి వాసన, ఎవరో పోపు పెట్టినట్టు. ఏడుకల్లా బ్రేక్‌వాటర్. అద్దెకి తెచ్చుకున్న సూట్ తొడుక్కోవడానికే ఇరవై నిమిషాలు పట్టింది. హుడ్ పెట్టుకుంటే మా ఆయన మాటలు వినపడలేదు, అది లాభమే అనుకోండి. తీరా ఒడ్డుకి వెళ్లి చూస్తే కెరటాలు ఒక్కోసారి మోకాలి దాకా, ఒక్కోసారి ఛాతీ దాకా వస్తున్నాయి. ఇద్దరు డైవర్లు బయటికి వస్తూ పడిపోయి, లేచి, మళ్లీ పడ్డారు. నాతో రావాల్సిన ఇన్‌స్ట్రక్టర్ పది నిమిషాలు సముద్రం వంకే చూసి, "ఇవాళ బ్రేక్‌ఫాస్ట్ చేద్దాం" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు.

అద్దె షాపు గురించి ఒక్క మాట. ఇంటికొచ్చి చూస్తే రెండు గ్లోవ్స్ వేరు వేరు సైజులు. పేరు చెప్పను గానీ, తీసుకునేటప్పుడే వేసి చూసుకోండి.

సిగ్గుగా ఉంది. అంత హడావుడి చేసి, అందరికీ చెప్పి.

చలిపులి · సెప్టెంబర్ 27, రాత్రి 8:35

సిగ్గెందుకు? నేను తొమ్మిదేళ్లలో కనీసం నలభైసార్లు సూట్ వేసుకుని వెనక్కొచ్చాను. ఒక్కసారి మాత్రం రాలేదు. మోనాస్టరీ బీచ్, కార్మెల్ పక్కనే. ముతక ఇసుక, ఒడ్డు నుంచే నిట్రంగా పల్లం, సముద్రపు లోయ దాదాపు కాళ్ల దగ్గరి నుంచే మొదలవుతుంది. అంత లోతు నుంచి వచ్చిన కెరటం విరిగేది సరిగ్గా ఒడ్డు మీదే. అక్కడ చాలామంది పోయారు, డైవర్లు దాన్ని మార్చురీ బీచ్ అంటారు. ఇద్దరు స్నేహితులు దూరం నుంచి వచ్చారని మొహమాటపడి దిగాను. డైవ్ అద్భుతం. బయటికొచ్చేటప్పుడు కెరటం వెనక నుంచి తన్నింది. మాస్క్ పోయింది, నోటి నిండా ఇసుక, లేవబోతే ఇంకోటి. ఆఖరికి రెగ్యులేటర్ (ఊపిరి పీల్చుకునే గొట్టం మూతి) నోట్లోనే పెట్టుకుని, మోకాళ్ల మీద పసిపిల్లాడిలా పాక్కుంటూ వచ్చాను. అక్కడ బయటికి రావడానికి పద్ధతే అది. లేచి నిలబడాలనుకోవడమే నా తప్పు. రెండు రోజులు చెవుల్లోంచి ఇసుక రాలింది.

అలల ఫోర్‌కాస్ట్‌లో ఎత్తు ఒక్కటే చూడకు, రెండు కెరటాల మధ్య సెకన్లు కూడా చూడు. 5 అడుగులు 8 సెకన్లు అంటే గలాటా మాత్రమే. 5 అడుగులు 16 సెకన్లు అంటే వెనక బలం ఉందని అర్థం.

గోదారి_పిల్ల · అక్టోబర్ 11, రాత్రి 9:50

దిగాను!!

ఈసారి నీళ్లు చెరువులా ఉన్నాయి. 54 ఫారెన్‌హీట్. ముఖం పెట్టగానే చలిపులి గారు చెప్పిన నుదుటి నొప్పి, తర్వాత హుడ్‌లోంచి వీపు మీదికి ఒక్క చుక్క జారింది చూడండి, అమ్మా అని రెగ్యులేటర్‌లోనే అరిచాను. 24 పౌన్లు పెట్టుకున్నా దిగలేదు, ఇంకో 4 కలిపితే గానీ మునగలేదు.

మొదటి ఐదు నిమిషాలు నాకేమీ నచ్చలేదు. నీళ్లు మసక, చేతులు మొద్దుబారాయి. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. తర్వాత గోడ పక్కన కెల్ప్ మొదలైంది. ఎలా చెప్పాలో తెలీదు. కొబ్బరితోటలో మధ్యాహ్నం పడుకుని పైకి చూస్తే ఆకుల సందుల్లోంచి ఎండ ఊగుతుంది కదా, అలాంటి వెలుగు, కాకపోతే తేనె రంగులో. కెరటం వస్తే అడవంతా ఒకేసారి ఒడ్డు వైపు వంగుతుంది, నేనూ దాంతో పాటే. మళ్లీ అందరం కలిసి వెనక్కి. ఆ ఊపుకి ఎదురీదకుండా వదిలేశాక ఊపిరి దానంతటదే నిదానించింది.

ఒక కెల్ప్ ఆకు పట్టుకుని దగ్గరగా చూశాను. అరచేయంత వెడల్పు, ముడతలు ముడతలుగా, అంచుల్లో చిన్న చిన్న ముళ్లు. దాని వెనక గోరంత నత్త, దాని పక్కన ఆకు రంగులోనే ఉన్న ఒక పీత. నేను చూస్తున్నంత సేపూ అది కదలలేదు, నేను పక్కకి తిరిగి చూస్తే లేదు. కెల్ప్ రాక్‌ఫిష్ ఒకటి తలకిందులుగా ఆగి ఉంది, చచ్చిపోయిందనుకున్నాను. కన్ను మాత్రం నా వైపు తిరిగింది.

తిరిగొస్తుంటే కుడి ఫిన్ బరువెక్కింది. "తిరక్కు, ఆగు" గుర్తొచ్చి ఆగాను. కెల్ప్ కాదు! హార్బర్ సీల్, చుక్కల చుక్కల ఒళ్లు, పెద్ద నల్ల కళ్లు, నా ఫిన్ కొస నోట్లో పెట్టుకుని లాగుతోంది. ఇన్‌స్ట్రక్టర్ మాస్క్‌లోంచి నవ్వుతున్నాడు. మనం ముట్టుకోకూడదు గానీ అది మనల్ని ముట్టుకోవచ్చట.

డైవ్ 31 నిమిషాలు, లోతు 34 అడుగులు. బయటికొచ్చాక పెదాలు వణికి మాట రాలేదు. మా ఆయన ఫ్లాస్క్‌లో మిరియాల చారు తెచ్చారు, రెండు గ్లాసులు తాగాక తెలుగు తిరిగొచ్చింది.

ఉప్పుటేరు · అక్టోబర్ 11, రాత్రి 10:20

చాలా సంతోషం. ఈసారి గోడ కాకుండా నీటి అడుగున ఉన్న పైపు వెంట వెళ్లండి. అది అయిపోయాక ఇంకొంచెం దూరంలో, 50 అడుగుల లోతున మెట్రిడియం తోట ఉంటుంది. తెల్లటి సీ అనెమొనీలు, కొన్ని మోకాలి కన్నా ఎత్తు, కాలీఫ్లవర్ చేను అనుకోండి. అవీ జంతువులే, నీళ్లలో కొట్టుకొచ్చే తిండిని పట్టుకుంటాయి. మూతి ముడుచుకున్నప్పుడు మాత్రం ఉడికించిన గుడ్డులా ఉంటాయి.

డ్రైసూట్_బాబాయ్ · అక్టోబర్ 11, రాత్రి 10:31

పెదాలు వణికాయన్నావు. నేనేమీ అనట్లేదు.

గోదారి_పిల్ల · అక్టోబర్ 12, ఉదయం 9:15

బాబాయ్ 😀 డ్రైసూట్ ధరలు నిన్న రాత్రే చూశాను.

ఒక విషయం. పార్కింగ్ దగ్గర మెట్ల పక్కన నా ఎడమచేతి గ్లోవ్ మర్చిపోయాను. నల్లది, మణికట్టు దగ్గర నీలం టేప్. ఈసారి సొంతంగా కొన్నవి, ఒక్కసారే వాడాను. నిన్న అక్కడికి ఎవరైనా వెళ్లారా?

ఎయిర్_అయిపోయింది · అక్టోబర్ 12, ఉదయం 9:40

అక్కా, నిన్న పదకొండింటికి నేనూ అక్కడే ఉన్నాను. నాదే పడిపోయిందనుకుని తీసుకొచ్చేశాను. ఇంటికొచ్చి చూస్తే నా దగ్గర రెండూ ఎడమచేతివే ఉన్నాయి. ఇంతకీ నా కుడిది ఎవరి దగ్గరుంది?